మామ్మ కమోడ్ ఎందుకు ఊగింది? ఆమదాలవలస బాత్రూమ్ నేల కథ

ఈ ఎపిసోడ్ టాపిక్ చెప్తే కొంతమంది నవ్వుతారు. నవ్వండి, పర్లేదు. ఈ రోజు మనం మాట్లాడుకునేది ఊగే కమోడ్ గురించి.

ఆమదాలవలసలో మా మామ్మ ఇంట్లో పోయినేడాది పాత ఇండియన్ టాయిలెట్ తీయించి కమోడ్ పెట్టించారు. మామ్మకి మోకాళ్ళ నొప్పులు, కింద కూర్చుంటే లేవలేదు. టైల్స్ కొత్తవి, కమోడ్ కొత్తది, చుట్టూ తెల్లగా వైట్ సిమెంట్. చూడ్డానికి అంతా బానే ఉంది. మూడో రోజు మామ్మ ఫోన్ చేసి, "ఏట్రా ఇది, నావలాగ ఊగతంది" అంది. మేం పట్టించుకోలేదు, అలవాటు లేక అలా అంటోందిలే అనుకున్నాం. నెల తర్వాత ఊరెళ్తే తెలిసిన సంగతేంటంటే, రాత్రిపూట లేచి వెళ్ళాల్సి వస్తుందని మామ్మ సాయంత్రం నుంచి నీళ్ళు తాగడం మానేసింది. ఎందుకంటే కూర్చున్న ప్రతిసారీ అది ఎడమవైపుకి కొంచెం ఒరుగుతుంది, పడిపోతానేమోనని ఆవిడ భయం. వయసైపోయినవాళ్ళు బాత్రూమ్‌లో పడితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

అందరం మేస్త్రీని తిట్టాం. ఆయన ఒకటే మాటన్నాడు: "వాటం ఇవ్వకపోతే నీళ్ళు నిలబడిపోవా బాబూ?" ఆ మాట నా బుర్రలో ఉండిపోయింది. ఆలోచిస్తే ఆయన చెప్పింది నిజమే. మన బాత్రూమ్ నేల మట్టంగా ఉండదు, ఉండకూడదు కూడా. మరి కమోడ్ మట్టమైన నేల అడుగుతుంది. ఈ రెండూ ఎక్కడ, ఎప్పుడు ఎదురుపడ్డాయి? అక్కడ్నుంచి మొదలుపెడదాం.

ముందు మాట సంగతి. మరుగుదొడ్డి అంటే ఏంటి? దొడ్డి అంటే ఇంటి వెనకుండే స్థలం, పెరడు. దానికి ఒక మరుగు, అంటే చాటు. అంతే. ఆ మాటలో కుండీ లేదు, పైపు లేదు, కూర్చునే వస్తువేదీ లేదు. "దొడ్డికెళ్ళొస్తా", "బయటికెళ్ళొస్తా", "చెంబట్టుకెళ్ళాడు" అని పెద్దవాళ్ళు అనే మాటలు గమనించండి. అన్నీ చోటు గురించీ, నీళ్ళ గురించీ. వస్తువు గురించి ఒక్కటీ లేదు. మన అలవాటులో టాయిలెట్ అంటే నేలే.

మరీ పాత కాలానికి వెళ్ళినా ఇంతే. బౌద్ధుల వినయ పిటకంలో చుల్లవగ్గ అనే భాగం ఉంది. భిక్షువులు మఠంలో ఎలా బతకాలో చెప్పే నియమాలు. అందులో మరుగుదొడ్డి గురించి చాలా వివరంగా ఉంటుంది. దాన్ని వచ్చకుటి అంటారు. గుంత అంచులు కూలిపోకుండా ఇటుకో రాయో కర్రో పేర్చాలి, పాదాలు పెట్టుకోడానికి పాదుకలు ఉండాలి, దానికి మూత ఉండాలి. ఇన్ని వందల ఏళ్ళ కిందట కూడా వాళ్ళ బాధ ఏంటంటే కూర్చున్నప్పుడు కాలు జారకూడదు, అంచు కూలకూడదు. మామ్మ బాధే.

దీనికీ ఆమదాలవలసకీ సంబంధం ఏంటంటారా? ఊరికి దగ్గర్లోనే సరుబుజ్జిలి మండలంలో దంతవరపుకోట మట్టిదిబ్బ ఉంది. కళింగ రాజుల దంతపురం అదేనని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. అటు వంశధార ఒడ్డున సాలిహుండం బౌద్ధ స్తూపాలు ఉండనే ఉన్నాయి. బుద్ధుడి దంతధాతువు కళింగలోని దంతపురం నుంచే శ్రీలంకకి వెళ్ళిందని అక్కడి సంప్రదాయం చెబుతుంది. ఆ దంతం చేరిన అనురాధపురంలో పాత మఠాల శిథిలాల్లో ఇప్పటికీ రాతి మరుగుదొడ్లు కనిపిస్తాయి. ఒకే బండ మీద రెండు పాదాల గుర్తులు, మధ్యలో కన్నం, చుట్టూ చెక్కుడు పని. ఇంటర్నెట్‌లో ఫొటోలు చూడండి, మీరు ఆశ్చర్యపోతారు. మన ఒరిస్సా పాన్‌కి తాతలాగ ఉంటుంది. ఇక్కడ నాకు కావాల్సిన పాయింట్ ఒక్కటే: ఆ బండే నేల, ఆ నేలే టాయిలెట్. ఊగడం అనే సమస్యే రాదు. ఊగాలంటే నేల మీద ఇంకో వస్తువు నిలబడి ఉండాలి కదా.

అలాంటి వస్తువు మనకి తెల్లవాళ్ళతో వచ్చింది. కమోడ్ అనేది ఫ్రెంచి మాట, సౌకర్యమైనది అని అర్థం. మొదట్లో అది సొరుగులున్న చెక్క బీరువాకి పేరు. తర్వాత లోపల కుండ పెట్టిన చెక్క కుర్చీకి ఆ పేరొచ్చింది. మన దేశంలో తెల్లదొరల బంగళాల్లో ఉన్నది ఆ కుర్చీనే. పైపు లేదు, నీళ్ళు లేవు. మరి ఆ కుండ ఎవరు ఖాళీ చేసేవాళ్ళు? వెనక గుమ్మం నుంచి వచ్చే ఒక మనిషి. అంటే కమోడ్ మన దేశానికి వచ్చినప్పుడు దానికి అడుగున కావాల్సింది మట్టమైన నేల కాదు, ఒక మనిషి.

ఇది బంగళాలతో ఆగలేదు. పట్టణాలు పెరిగేకొద్దీ నీళ్ళు లేని పొడి మరుగుదొడ్లు పెరిగాయి. రోజూ ఎవరో ఒకరు వచ్చి ఎత్తి పొయ్యాలి. ఉత్తరాంధ్ర పట్టణాల్లో ఆ పనిని ఎక్కువగా రెల్లి కులం వాళ్ళ నెత్తిన పెట్టారు. నెత్తిన అనేది ఇక్కడ మాటవరసకి అనడం లేదు, నిజంగానే తట్ట నెత్తిన. ఆ పని చేయించడాన్నీ పొడి మరుగుదొడ్లు కట్టడాన్నీ నిషేధిస్తూ చట్టం వచ్చింది 1993లో. అది సరిపోక 2013లో ఇంకో చట్టం వచ్చింది. ఈ మధ్యలో సఫాయి కర్మచారి ఆందోళన్ వాళ్ళు ఊరూరా తిరిగి పొడి దొడ్లని లెక్కపెట్టారు, సుప్రీంకోర్టుకి వెళ్ళారు. దాన్ని నడిపిన బెజవాడ విల్సన్ కోలార్ బంగారు గనుల్లో ఇదే పని చేసిన తెలుగు కుటుంబంలో పుట్టినాయన. 2016లో ఆయనకి రామన్ మెగసెసే అవార్డు వచ్చింది.

ఆ తట్టని దించిన టెక్నాలజీ ఏంటో తెలుసా? వంకర పైపు. అంతే. 1775లో లండన్‌లో అలెగ్జాండర్ కమ్మింగ్ అనే గడియారాల ఆయన ఎస్ ఆకారంలో వంచిన పైపుకి పేటెంట్ తీసుకున్నాడు. ఆ వంపులో ఎప్పుడూ కొంచెం నీళ్ళు నిలబడి ఉంటాయి. ఆ నీళ్ళే మూత. అవతలి గాలి, కంపు, పురుగులు ఇవతలికి రావు. మీ ఇంట్లో కమోడ్‌లో ఎప్పుడూ కనిపించే ఆ నీళ్ళు ఊరికే లేవు, అవే కాపలా. ఈ నీటి మూత గుర్తుపెట్టుకోండి, మామ్మ దగ్గరికి తిరిగి వెళ్ళినప్పుడు మళ్ళీ కావాలి.

తర్వాత 1883లో ఇంగ్లండ్‌లో థామస్ ట్వైఫర్డ్ అనే పింగాణీ వ్యాపారి మొత్తం ఒకే ముక్కగా, చుట్టూ చెక్క పెట్టె లేకుండా, దాని కాళ్ళ మీద అది నిలబడే పింగాణీ కమోడ్ తెచ్చాడు. దాని పేరు యూనిటాస్. మనం ఈ రోజు చూసే కమోడ్‌కి అదే పూర్వీకుడు. అయితే అది పుట్టిన ఇల్లు ఎలాంటిది? చలి దేశం. స్నానం తొట్టిలో. టాయిలెట్ గది నేల పొడిగా ఉంటుంది, అక్కడ ఎవరూ బకెట్‌తో నీళ్ళు కుమ్మరించరు. పొడి నేలకి వాటంతో పనిలేదు. అందుకే మట్టంగా ఉంటుంది. కమోడ్ అడుగు భాగం సాపుగా ఉండడానికి కారణం ఇదే.

మన ఇళ్ళు వేరు. మనం చెంబుతో, బకెట్‌తో, నేలంతా తడుపుకుంటూ స్నానం చేసేవాళ్ళం. అందుకే గచ్చు ఎప్పుడూ తూము వైపుకి వాలుగా ఉంటుంది. సున్నం గచ్చు పోయి సిమెంటు గచ్చు వచ్చింది, అది పోయి టైల్స్ వచ్చాయి. వాటం మాత్రం పోలేదు.

ఈ వాటం నేలకి సరిగ్గా సరిపోయిన వస్తువు ఒరిస్సా పాన్. మన పక్క రాష్ట్రం పాత పేరే. భారత ప్రమాణాల్లో కూడా, ఐఎస్ 2556లో, ఒరిస్సా ప్యాటర్న్ అనే పేరుంది. వెడల్పాటి పింగాణీ పలక, అందులోనే రెండు పాదాల చోట్లు, మధ్యలో గుంత. దాన్ని నేలలో పాతిపెట్టి చుట్టూ గచ్చు కడతారు. నేల నాలుగు వైపుల నుంచీ దాని వైపుకే వాలి ఉంటుంది, కడిగిన నీళ్ళన్నీ అందులోకే పోతాయి. అనురాధపురం బండ ఆలోచనే, కాకపోతే పింగాణీలో.

ఇక్కడ రైలు గురించి ఒక్క నిమిషం. శ్రీకాకుళం వెళ్ళే రైలు ప్రయాణికులు దిగేది ఆమదాలవలసలో కదా, స్టేషన్ పేరు శ్రీకాకుళం రోడ్. తెల్లవాళ్ళ టైమ్‌లో చికాకోల్ రోడ్. బెజవాడ నుంచి కటక్ దాకా ఈస్ట్ కోస్ట్ రైల్వే వేసింది 1893, 1896 మధ్యలో. అప్పుడు మూడో తరగతి పెట్టెల్లో టాయిలెట్ ఉండేది కాదు, స్టేషన్‌లో ఆగినప్పుడు దిగి పరిగెత్తడమే. 1909లో బెంగాల్‌లో ఓఖిల్ చంద్ర సేన్ అనే ఆయన అలా దిగితే రైలు వెళ్ళిపోయిందని వచ్చీరాని ఇంగ్లిష్‌లో రైల్వేకి రాసినట్టు చెప్పే ఉత్తరం ఢిల్లీ రైల్ మ్యూజియంలో పెట్టారు. పెట్టెల్లో టాయిలెట్లు దాని వల్లే వచ్చాయని కథ. అది ఎంత నిజమో కానీ, నేను చెప్పదల్చుకుంది వేరు. పెట్టె మొత్తం ఊగుతున్నా అందులోని ఇండియన్ పాన్ మాత్రం కదలదు. ఎందుకంటే అది నేలలో భాగం. మామ్మ ఇల్లు కదలదు, కమోడ్ ఊగుతుంది. తేడా అర్థమైందా?

స్వతంత్రం వచ్చాక పింగాణీ సామాను ఇక్కడే తయారవడం మొదలైంది. 1960లో పెట్టిన హిందుస్థాన్ శానిటరీవేర్ కంపెనీ మొదటి పేరేంటో తెలుసా? హిందుస్థాన్ ట్వైఫర్డ్స్. అవును, ఆ యూనిటాస్ ట్వైఫర్డ్ కంపెనీయే. అలా వెస్ట్రన్ కమోడ్ పెద్ద ఊళ్ళ హోటళ్ళకి, ఆసుపత్రులకి, తర్వాత అపార్ట్‌మెంట్లకి వచ్చింది.

మన వైపు పల్లెల్లో కథ ఇంకోలా నడిచింది. ఆడవాళ్ళు తెల్లారకముందో చీకటి పడ్డాకో వెళ్ళాల్సిన రోజులు మా అమ్మ తరానికి బాగా తెలుసు. 1970లో బిందేశ్వర్ పాఠక్ సులభ్ మొదలుపెట్టి రెండు గుంతల పద్ధతిని దేశమంతా తిప్పాడు. ఒక గుంత నిండితే రెండోదానికి మార్చడం, మొదటిది ఎరువైపోతుంది, ఎవరూ చేత్తో తియ్యక్కర్లేదు. 2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ మొదలయ్యాక ఇంటికి 12,000 రూపాయల సాయంతో పల్లెల్లో కట్టించింది ఎక్కువగా ఇలాంటివే. దానికి పెట్టే పాన్ చాలా తెలివైన వస్తువు. లోపల వాలు బాగా నిటారుగా, 25 నుంచి 28 డిగ్రీలు ఉంటుంది, నీటి మూత 20 మిల్లీమీటర్లే. దాంతో లీటరున్నర, రెండు లీటర్ల నీళ్ళు పోస్తే చాలు. బోరింగు నుంచి నీళ్ళు మోసుకునే ఇంటికి అది ఎంత తేడానో ఆలోచించండి. అది కూడా నేలలో పాతేదే.

మరి కమోడ్ మన ఇళ్ళలోకి ఎవరు తెచ్చారు? నా అంచనా చెప్తాను. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఎంతమంది తాపీ పనికి హైదరాబాద్, చెన్నై, విశాఖ వెళ్తారో మీకు తెలుసు. మీ ఇంట్లోనే ఒకరుంటారు. అక్కడి అపార్ట్‌మెంట్లలో వందల కమోడ్లు బిగించిన చేతులే సంక్రాంతికి శ్రీకాకుళం రోడ్‌లో రైలు దిగి, అమ్మకి మోకాళ్ళు నొప్పులని ఇంట్లో ఒకటి పెట్టిస్తాయి. మంచిదే. కానీ హైదరాబాద్‌లో కొత్త బిల్డింగ్‌లో కమోడ్‌కి ఒక మూల, స్నానానికి ఒక మూల ముందే అనుకుని నేల వేస్తారు. ఊళ్ళో పాత ఒరిస్సా పాన్ పగలగొట్టి, ఆ గుంత పూడ్చి, పైన టైల్స్ వేసి, సరిగ్గా అదే చోట కమోడ్ పెడతారు. ఎందుకంటే పైపు అక్కడే ఉంది. ఆ చోటు ఏంటి? నాలుగు వాటాలూ కలిసే చోటు. గది మొత్తంలో కమోడ్‌కి అంతకంటే పనికిరాని చోటు లేదు. మామ్మ ఇంట్లో జరిగింది ఇదే. మేస్త్రీ తప్పు చేశాడని కాదు, పాత నేల వాటాన్ని కొత్త టైల్స్ కింద అలాగే ఉంచేశాడు.

లెక్క చూడండి. 60కి 1 వాటం అనుకుందాం. కమోడ్ అడుగు 22 సెంటీమీటర్ల వెడల్పుంటే ఒక పక్క దాదాపు 4 మిల్లీమీటర్లు గాల్లో ఉంటుంది. 4 మిల్లీమీటర్లే కదా అనుకుంటాం. కానీ సీటు 40 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ అది 7 మిల్లీమీటర్ల కదలిక అవుతుంది. మనకి చిన్నది, చీకట్లో కూర్చునే పెద్దావిడకి నావే.

భయం ఒక్కటే కాదు సమస్య. కమోడ్ ఊగిన ప్రతిసారీ కింద పైపుతో కలిసే జాయింట్ నలుగుతుంది. అది వదులైతే కమ్మింగ్ గారి నీటి మూత పైన అలాగే ఉన్నా, దాని అవతల ఉండాల్సింది కింద నుంచి బయటికి వస్తుంది, టైల్స్ కిందకి పాకుతుంది. మామ్మ ఇంట్లో సన్నగా కంపు వచ్చేది, ఫినాయిల్ పోసి సరిపెట్టుకున్నారు. ఇంకోటి, పింగాణీ వంగదు, పగులుతుంది. పగిలిన అంచు కత్తిలా ఉంటుంది.

సరే, ఎలా బాగుచేశామో చెప్తాను. ముందు చుట్టూ ఉన్న వైట్ సిమెంట్ మొత్తం గోకేశాం. చాలా చోట్ల కమోడ్‌ని సిమెంట్‌తోనే అతికించేస్తారు, అది తప్పు. సిమెంట్ బిగుసుకుపోతుంది, కమోడ్ కొంచెం కదిలినా అది చిట్లుతుంది, ఆ చీలికలోకి మురికినీళ్ళు దూరతాయి. మళ్ళీ ఎప్పుడైనా తియ్యాలంటే కమోడ్ పగలగొట్టాల్సిందే. మాది అదృష్టం కొద్దీ పగలకుండా వచ్చింది. కింద చూస్తే ఒక పక్క మడతపెట్టిన అట్టముక్క, ఇంకో పక్క టైల్ ముక్క. అట్ట తడిసి మెత్తబడిపోయింది. టైల్ ముక్క బరువంతా ఒకే చోట మోస్తోంది, పింగాణీ పగలడానికి అంతకంటే మంచి దారి లేదు.

రసమట్టం పెట్టి చూశాం. మీ ఇంట్లో లేకపోతే ఫోన్‌లో లెవెల్ యాప్ ఉంటుంది, మొదటి అంచనాకి పనికొస్తుంది. తేడా 2, 3 మిల్లీమీటర్లు ఉంటే సన్నటి ప్లాస్టిక్ చీలికలు, హార్డ్‌వేర్ షాపుల్లో షిమ్స్ అని అడిగితే ఇస్తారు, అవి ఖాళీ ఉన్న చోటల్లా దూర్చి సరిచెయ్యొచ్చు. ఒక చోట కాదు, చాలా చోట్ల, బరువు పంచుకునేలా. నన్నడిగితే 5, 6 మిల్లీమీటర్లు దాటితే ఆ ఆలోచన మానుకుని నేల సరిచేయించడం మంచిది. మాకు ఒక మూల బాగా దిగింది. అందుకని మేస్త్రీయే, అదే మేస్త్రీ, కమోడ్ అడుగు కంటే కొంచెం పెద్దగా అక్కడి టైల్స్ తీసి చిన్న పీటలాగ మట్టంగా కట్టాడు. చుట్టూ నేల వాటం మాత్రం ముట్టుకోలేదు. నీళ్ళు పీట పక్కనుంచి తూముకి పోతాయి. ఆయన వాదనా నెగ్గింది, మామ్మ వాదనా నెగ్గింది.

పీట ఆరాక, పైపు జాయింట్ దగ్గర కొత్త రబ్బరు కనెక్టర్ వేశారు. తర్వాత కమోడ్‌ని ఉత్తినే పెట్టి కన్నాలకి పెన్సిల్‌తో గుర్తులు పెట్టి మళ్ళీ తీశారు. డ్రిల్ చేసేముందు టైల్ మీద నాణెంతో కొట్టి వినాలి. డొల్ల శబ్దం వస్తే కింద ఖాళీ ఉన్నట్టు, డ్రిల్ పెడితే టైల్ పగులుతుంది. టైల్ దాటేదాకా హ్యామర్ మోడ్ ఆపి, టైల్‌కి పనికొచ్చే బిట్‌తో మెల్లగా వెళ్ళాలి. కాంక్రీటు తగిలాకే హ్యామర్. నీళ్ళ పైపు ఎటు పోతోందో ముందే తెలుసుకోండి, లేకపోతే ఇంకో ఎపిసోడ్ చెయ్యాల్సొస్తుంది. ప్లాస్టిక్ ప్లగ్గులు దించి, తుప్పు పట్టని స్టీలు స్క్రూలు వాషర్లతో వేశారు. ఇది కొంచెం, అది కొంచెం, మార్చి మార్చి బిగించాలి. కదలిక ఆగగానే మీరూ ఆగాలి. ఊగే కమోడ్‌ని స్క్రూ బలంతో నేలకి లాగాలని చూసేవాళ్ళున్నారు. అలా చేస్తే పింగాణీ చిట్లుతుంది. నిలబెట్టాల్సింది అడుగున ఉన్న ఆధారం, స్క్రూ పక్కకి జరక్కుండా పట్టుకుంటుంది అంతే.

చివర్లో చుట్టూ సిలికాన్. వెనక వైపు మాత్రం రెండు వేళ్ళ మేర వదిలేశారు. ఎందుకని అడిగాను. "లోపల ఎప్పుడైనా లీకైతే ఇక్కడ్నుంచి కనపడాలి కదా" అన్నాడు మేస్త్రీ. అన్ని వైపులా మూసేస్తే తడి కిందే ఉండిపోయి ఇంటికి తెలియదు. సిలికాన్ ఆరడానికి ఒక రోజు వదిలేశాం. ఆ రోజు మామ్మని పక్కింటికి పంపాం, వాళ్ళది ఇంకా ఒరిస్సా పానే. లేపడానికి ఇద్దరు కావాల్సొచ్చింది.

మర్నాడు మామ్మ వెళ్ళి కూర్చుని, తలుపు సందులోంచే గట్టిగా ఒక పక్కకి ఊగి చూసింది. మాకు వినపడేలా, "ఇప్పుడు ఊగట్లేదర్రా" అంది. బయటికొచ్చి ఇంకో ఆర్డర్ వేసింది: పక్క గోడకి చేత్తో పట్టుకోడానికి ఒక స్టీలు రాడ్డు కావాలట. నిజానికి అది మొదటి రోజే పెట్టాల్సింది, మా ఎవరికీ తట్టలేదు. మేస్త్రీ డ్రిల్ ఇంకా బయటే ఉంది, అప్పుడే బిగించేశాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర మామ్మ రెండు గ్లాసుల నీళ్ళు తాగింది.